ప్రతిఫలం గడి ఖాళీగా ఉండరాదు

ఆదివారం పొద్దున్న కాఫీ కప్పులు తీసేయగానే వోచరమ్మ భోజనాల బల్ల తుడిచి, లెక్కల పుస్తకం తెరిచి, పెన్సిలు చెక్కి, "ఊఁ, చెప్పరా. సినిమాకి ఏమేం కావాలో ఒకటొకటిగా చెప్పు" అంది తమ్ముడితో. మధ్యాహ్నం భోజనాల వేళకల్లా బడ్జెట్ తేల్చేసి, సాయంత్రం తీరిగ్గా బట్టలు ఇస్త్రీ చేసుకోవాలని ఆమె ఉద్దేశం.

వోచరమ్మ అనేది కన్నవాళ్ళు పెట్టిన పేరు కాదు. పైపుల కంపెనీ అకౌంట్స్ సెక్షన్లో పద్దెనిమిదేళ్ళు పనిచేసి సంపాదించుకున్న పేరు. ఆమె బల్ల దాటి గుండుసూది కదలాలన్నా వోచరు ఉండాల్సిందే. ఒకసారి పక్క ఆఫీసువాళ్ళు ఊరికే వాడుకోమని నిచ్చెన ఇచ్చి, తీరా వాడుకున్నాక "బదులుగా మా గోడలకి సున్నం కొట్టిస్తారనుకున్నాం" అని ఆరు నెలలు తగువు పెట్టుకున్నారు. ఆ దెబ్బతో ఆమె వోచరులో వస్తువు, ఇచ్చినవారు, విలువ అనే మూడు గడుల పక్కన 'ప్రతిఫలం' అని నాలుగో గడి గీయించింది. 'ఈ గడి ఖాళీగా ఉండరాదు' అని దాని కింద అచ్చు వేయించింది. ఇంకా కింద, భూతద్దం పెడితేగాని కనపడని అక్షరాల్లో, 'ప్రతిఫలం అందనిచో వస్తువునకు మార్కెట్ ధర చెల్లించవలెను' అని కూడా వేయించింది. ఆ తర్వాత కంపెనీలో ఎవరూ ఎవరికీ ఏదీ ఊరికే ఇవ్వలేదు, తగువులూ రాలేదు.

"ముందు కథ చెప్పు, ఒక్క ముక్కలో," అంది.

"ఒకడు పరాయి దేశం వస్తాడక్కా. బస్టాపులో బెంచీ మీద కూర్చుంటాడు. ఎవ్వరూ పలకరించరు. బస్సు వస్తుంది, పరిగెత్తుతాడు, తప్పిపోతుంది. మళ్ళీ వచ్చి అదే బెంచీ మీద కూర్చుంటాడు. ఎనిమిది నిమిషాలు, చిన్న సినిమాల పోటీకి. అంతే."

"ఎంతమంది మనుషులు?"

"ఒక్కడే. సినిమా పేరే 'పలకరించని ఊరు'."

ఒక్కడే అన్న మాటకు వోచరమ్మ మనసు వెన్నలా కరిగిపోయింది. ఒక్కడంటే ఒక్క టికెట్టు.

పేపరు చదువుతున్న భర్త తల ఎత్తకుండానే, "బస్టాపూ బెంచీ మన వీధి చివర కూడా ఉన్నాయిగా?" అన్నాడు.

"మన వీధిలో మనిషిని ఒంటరిగా కూర్చోనిస్తారా బావా? ఐదు నిమిషాల్లో పదిమంది చేరి 'ఏం బాబూ, ఒంట్లో బాగాలేదా' అంటారు. పరాయి దేశంలో అయితే ఎవడి గోల వాడిది."

భర్త పేపరు మడిచాడు. బావమరిది ఇదివరకు మొదలుపెట్టిన సినిమాలు రెండు. రెండూ సగంలో ఆగాయి. ఇప్పుడు మూడోదానికి పెట్టబోయేది, భార్య పదేళ్ళుగా సెలవులు వాడుకోకుండా అమ్ముకుని కూడబెట్టిన సొమ్ము. "డబ్బు నీదే, కాదనను. కానీ ఒక్కటి. ఇవాళ నువ్వు ఈ కాగితం మీద వేసే అంకె ఒక్క పైసా దాటినా, వీడు ఆ మర్నాటి నుంచి మా స్నేహితుడి టైల్స్ షాపులో కూర్చోవాలి. ఇంక సినిమా అనే మాట ఎత్తకూడదు. ఒప్పుకుంటావా?"

తమ్ముడి ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఆ షాపులో వాడు ఒకసారి వారం రోజులు పనిచేశాడు. తెలుపు, ఎర్ర తెలుపు, పాల తెలుపు, మబ్బు తెలుపు అనే నాలుగు రకాల పలకల్ని పొద్దస్తమానం తుడిచి, ఎనిమిదో రోజున ఇంటికొచ్చి గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. వాణ్ణి చిన్నప్పటి నుంచి ఎత్తుకు పెంచిన వోచరమ్మకు ఆ చూపు ఇంకా గుర్తుంది.

"ఒప్పుకున్నాను," అంది. అంకె వేసింది. ఇద్దరూ సంతకాలు పెట్టారు. కాగితం ఫ్రిజ్ తలుపుకి అంటించారు.

ఇస్త్రీ మాత్రం ఆ సాయంత్రం జరగలేదు. దర్శకుడిగా తమ్ముడు, హీరోగా మందుల షాపులో పనిచేసే వాడి స్నేహితుడు, కెమెరామన్, పద్దులు రాయడానికి తాను. ఈ నలుగురి విమాన టికెట్లకే అంకె మొత్తం ఊడ్చుకుపోయింది. చేతి ఖర్చుకి మిగిలింది నలుగురూ రెండుసార్లు టీ తాగితే అయిపోయేంత. అంటే బస, భోజనం, కారు, గొడుగులు, కరెంటు, బస్సు, అనుమతి, అన్నీ ఊరికే రావాలి.

ఆ పరాయి దేశంలో ఉన్నవాడు ఒక్క బాబాయి. పిన్ని మొగుడు, లిఫ్టుల మెకానిక్. వోచరమ్మ ఫోన్ చేసి, "బాబాయ్, అన్నీ ఉచితంగా కావాలి. కానీ ప్రతిదానికీ నేను పంపే వోచరు నింపాలి. ఏ గడీ ఖాళీగా ఉండకూడదు" అంది.

"అదెంత పని అమ్మాయ్! ఈ వీధిలో లిఫ్టులో ఇరుక్కోనివాడు లేడు, ఇరుక్కున్నాక నేను బయటికి లాగనివాడూ లేడు. నోరు తెరిచి అడగడమే ఆలస్యం," అన్నాడు బాబాయి.

పదో రోజుకి పంతొమ్మిది వోచర్లు వచ్చాయి, అటువైపు సంతకాలతో సహా. వోచరమ్మ విలువ గడి చూసింది. అన్నీ సున్నాలు. పంతొమ్మిది సున్నాల్నీ పైనుంచి కిందికి ఒకసారి, కింది నుంచి పైకి ఒకసారి కూడింది. రెండుసార్లూ సున్నాయే వచ్చింది. నాలుగో గడి ఖాళీగా లేదని చూసుకుని, పంతొమ్మిదింటి మీదా గబగబా సంతకాలు పెట్టి పంపేసింది. తర్వాత జరిగినదానంతటికీ మూలం ఈ సంతకాలే.

*

షూటింగ్ రెండే రోజులు. మూడోరోజు తిరుగు విమానం. మొదటిరోజు పొద్దున్న వోచరమ్మ లేచేసరికి బాబాయి కోటు వేసుకుని, అద్దం ముందు నిలబడి, తనలో తానే ఏదో మాట్లాడుకుంటున్నాడు. పిన్ని పెళ్ళిళ్ళకి కట్టే చీర కట్టి, ఉన్న గొలుసులన్నీ దిగేసుకుంది.

"ఎక్కడికి పిన్నీ, ఇంత పొద్దున్నే?"

"ఎక్కడికేంటే, షూటింగుకి! ఆయనది ఒకటో నంబరు, నాది రెండు," అని పిన్ని వోచరు తీసి చూపించింది.

వస్తువు: నలుగురికి మూడు రోజుల భోజనం. విలువ: సున్నా. ప్రతిఫలం: సినిమాలో కనిపించును.

వోచరమ్మ ఫైలు తెరిచి గబగబా తిప్పింది. మూడు, కారు: సినిమాలో కనిపించును. ఏడు, గొడుగులు: భార్యతో సహా సినిమాలో కనిపించును. పదకొండు, నగరపాలక సంస్థ అనుమతి: గుమాస్తాయు, అతని తల్లియు సినిమాలో కనిపించెదరు. పద్నాలుగు, బస్సు, ఎక్కువారితో సహా: డ్రైవరు స్పష్టముగా కనిపించును. పంతొమ్మిది వోచర్లు, డ్రైవరు కాక ఇరవైముగ్గురు మనుషులు.

"బాబాయ్! ఇదేంటి బాబాయ్, ఇలా రాశారు?"

"మరి ఖాళీగా ఉండకూడదన్నావుగా అమ్మాయ్? డబ్బులివ్వం, వస్తువులివ్వం. ఇంకేం రాయను? వాళ్ళు అడగలేదు కూడా, పాపం. నీ గడి కోసం నేనే రాసి ఇచ్చాను. రాశాక మాత్రం అందరికీ ఎక్కడలేని ఉత్సాహం వచ్చింది."

తమ్ముడు విని మంచం మీద కూలబడ్డాడు. "అక్కా, సినిమా పేరేంటి? పలకరించని ఊరు! ఇరవైముగ్గురు ఎందుకక్కా? వద్దని చెప్పేయ్."

వోచరమ్మ వోచరు అడుగున ఉన్న చిన్న అక్షరాల మీద వేలు పెట్టింది. ప్రతిఫలం అందనిచో మార్కెట్ ధర. ఆ ఊళ్ళో ఒక కారుకి రోజు అద్దె ఎంతో ఆమె ముందే కనుక్కుని ఉంది. ఆ ఒక్కదానికే ఫ్రిజ్ మీద కాగితం చిరిగిపోతుంది. ఎవరు తవ్విన గోతిలో వాళ్ళే పడడమంటే ఇదే.

"పోనీ కెమెరా ఆపేసి తీసినట్టు నటిద్దాం. వాళ్ళకేం తెలుస్తుంది?" అన్నాడు తమ్ముడు.

"నోర్ముయ్. నేను సంతకం పెట్టాను. కనిపించును అని ఉంటే కనిపించాల్సిందే," అంది వోచరమ్మ. దొంగలెక్క రాయడం కన్నా టైల్స్ షాపే నయమనుకునే రకం ఆమె.

బస్టాపు ఇంటికి ఎదురుగానే ఉంది. సన్నటి వీధి, ఒకపక్క బేకరీ, మూడో అంతస్తు కిటికీల్లో ఆరేసిన దుప్పట్లు, బెంచీ ఒకటి. ముగ్గురు పట్టే ఆ బెంచీ మీద అప్పటికే ఐదుగురు సర్దుకుని కూర్చున్నారు. మిగతావాళ్ళు వెనక నిలబడ్డారు. ప్రతివాళ్ళ చేతిలోనూ తెలుగు వోచరు. ఒక్క అక్షరం చదవలేకపోయినా నాలుగో గడి ఏదో మాత్రం అందరికీ బాగా తెలుసు, దాని మీదే వేలు పెట్టి చూపిస్తున్నారు. హీరోకి కూర్చోడానికి చోటు లేదు.

తమ్ముడు కళ్ళు మూసుకుని తెరిచి, "సరే. వీళ్ళంతా దారినపోయే జనం. ఒక్కొక్కరే వీడి ముందు నుంచి నడిచి పోవాలి. వీడివైపు చూడకూడదు. పలకరించకూడదు. చెప్పండి బాబాయ్," అన్నాడు.

బాబాయి వాళ్ళ భాషలో చెప్పాడు. అందరూ తలలూపారు. బేకరీ ఆవిడ మొదట బయల్దేరింది. ఈసురోమని కూర్చున్న హీరో ముందుకి రాగానే ఆగి, బుట్టలోంచి వేడి బన్ను తీసి అతని చేతిలో పెట్టి, భుజం తట్టి వెళ్ళింది.

"కట్! ఎందుకిచ్చింది?"

బాబాయి అడిగి వచ్చాడు. "అంత దిగులుగా కూర్చున్నవాడి ముందు నుంచి బుట్ట పట్టుకుని ఊరికే ఎలా పోతానంటోంది. పోతే రేపు సినిమా చూసినవాళ్ళు తన గురించి ఏమనుకుంటారట?"

రెండో షాట్‌లో గుమాస్తా తల్లి హీరో పక్కన కూర్చుని నుదుటి మీద చెయ్యి వేసి జ్వరం చూసింది. మూడోదానిలో గొడుగులాయన భార్యతో సహా వచ్చి దారి చెప్పాడు. మళ్ళీ చెప్పించి తీస్తే, ఈసారి నడిచినవాళ్ళు బాబాయి, పిన్ని. బాబాయి కోటు సర్దుకుని, కెమెరావైపు తిరిగి, "ఎవరు నాయనా నీవు? ఎచ్చటి నుండి వచ్చితివి?" అన్నాడు.

"బాబాయ్! మీకు తెలుగొచ్చుగా! పలకరించొద్దని మీకు కూడా చెప్పాలా?"

"పాతికేళ్ళ కిందట నేను దిగినప్పుడు నన్ను ఇలా ఎవరైనా అడుగుతారా అని చూశానురా. ఎవరూ అడగలేదు. ఇప్పుడు అడక్కుండా పొమ్మంటే నావల్ల కాదు," అన్నాడు బాబాయి. తమ్ముడు ఆయన కోటు కాలరు సరిచేసి, మళ్ళీ కెమెరా పక్కకి వెళ్ళి నిలబడ్డాడు.

సాయంత్రానికి ఒక్క షాట్ కూడా కుదరలేదు. హీరో సంగతి సరేసరి. ఏడుపుముఖం చూసి మరీ ఎంచుకున్న మనిషి, రోజంతా బన్నులు తిని, పరామర్శలు అందుకుని, కొత్తల్లుడిలా కళకళలాడిపోతున్నాడు.

*

రెండోరోజు పొద్దున్న తమ్ముడు కొత్త ఎత్తుగడతో లేచాడు. నడిచే జనం వద్దు. బస్సు తప్పిపోయే ఒక్క దృశ్యం చాలు. మిగతాది ఎలాగో అతికించుకోవచ్చు.

బస్సు వచ్చింది. హీరో పరిగెత్తాడు. బస్సు ఆగింది. డ్రైవరు తలుపు తెరిచి, నవ్వుతూ రమ్మని చెయ్యి ఊపాడు. మళ్ళీ తీశారు, మళ్ళీ ఆగింది. మూడోసారీ ఆగింది.

"ముప్ఫై ఏళ్ళ సర్వీసులో పరిగెత్తే మనిషిని వదిలి వెళ్ళలేదట. పైగా వోచరులో స్పష్టముగా కనిపించును అని ఉంది కదా, స్పష్టంగా అందరూ చూస్తుండగా అంత దుర్మార్గం చెయ్యనంటున్నాడు. అసలు స్టాపులో ప్రయాణికుడు ఒక్కడు నిలబడి ఉన్నా బండి కదిలించడట," అని బాబాయి చెప్పాడు.

తమ్ముడు జుట్టు పీక్కున్నాడు. పీక్కుంటుండగానే ఉపాయం తట్టింది. "అయితే అందర్నీ ఎక్కించేద్దాం! ఇరవైముగ్గురూ వరసగా బస్సు ఎక్కుతారు. అందరూ కనిపిస్తారు, అక్క వోచర్లు తీరిపోతాయి. స్టాపు ఖాళీ అవుతుంది, డ్రైవరు కదులుతాడు. అప్పుడు వీడు మూల మీద నుంచి పరిగెత్తుకొస్తాడు. తప్పిపోతుంది!"

ఉపాయం బాగానే ఉంది. వోచరమ్మ ఫైలు ఒళ్ళో పెట్టుకుని బెంచీ మీద కూర్చుంది, ఎక్కినవాళ్ళ వోచరు మీద టిక్కు పెట్టడానికి. కెమెరామన్ వీధికి అవతలి పక్క, బెంచీకి ఎదురుగా కెమెరా నిలబెట్టాడు. ఈ కెమెరామన్‌ని అందరూ ముని అంటారు. మాట్లాడడు, చెప్పింది చేస్తాడు. స్టార్ట్ అంటే మొదలుపెడతాడు, కట్ అంటే ఆపుతాడు.

"స్టార్ట్!"

ఇరవైముగ్గురూ ఎక్కారు. బేకరీ ఆవిడ, గొడుగులాయన, గుమాస్తా, అతని తల్లి, పిన్ని, బాబాయి. వోచరమ్మ టిక్కులు పెడుతూ పోయింది. డ్రైవరు స్పష్టంగా నవ్వాడు. బస్సు కదిలింది. హీరో మూల తిరిగి ప్రాణాలు ఒగ్గి పరిగెత్తుకొచ్చాడు. ఇంకో రెండడుగులుంటే తప్పిపోయేదే. వెనక తలుపులోంచి నాలుగు చేతులు బయటికొచ్చి, అతన్ని అమాంతం లోపలికి లాగేశాయి.

"వదలండి! వాణ్ణి వదలండి!" అంటూ తమ్ముడు వెంటపడ్డాడు. పాపం, ఇతనికీ బస్సు తప్పిపోతోందనుకున్నారు. ఇతన్నీ లాగేశారు. తలుపు మూసుకుంది. స్టాపులో మిగిలింది లెక్కలావిడే, ప్రయాణికురాలు కాదు కనుక డ్రైవరు నిశ్చింతగా వేగం పెంచాడు. వెనక అద్దానికి ముఖం ఆనించి తమ్ముడు "కట్! కట్!" అని అరుస్తూనే ఉన్నాడు. బయటికి ఒక్క ముక్క వినిపించలేదు.

వీధిలో ఉండాల్సినవాళ్ళంతా బస్సులో ఉన్నారు. బేకరీ తలుపు మూసి ఉంది. వోచరమ్మ బెంచీ మీద ఒక్కతే మిగిలింది.

ముందు ఆమెకు తోచింది ఒక్కటే: ఇరవైముగ్గురు, హీరో, తమ్ముడు, మొత్తం ఇరవైఐదుగురు, టికెట్టు లేకుండా బస్సెక్కారు. ఇరవైఐదు టికెట్లు. రావడానికీ పోవడానికీ యాభై. ఎవరి ఖాతాలో పడుతుంది? పెదవులు కదుపుతూ వేళ్ళ మీద లెక్కపెట్టింది. చేతి ఖర్చులో ఉన్నది మూడు టికెట్లకి సరిపోతుంది. మళ్ళీ లెక్కపెట్టింది. మూడే. వేళ్ళు ఆగిపోయాయి. తల ఎత్తి బస్సు వెళ్ళినవైపు చూసింది. తమ్ముడు నాలుగు రకాల తెల్ల పలకల మధ్య గుడ్డ పట్టుకుని నిలబడినట్టు కళ్ళకు కట్టింది. ముక్కూ మొహం తెలియని ఆ వీధిలో "ఏమైందమ్మా" అనేవాళ్ళు ఒక్కరైనా లేకపోవడం అప్పుడు తెలిసొచ్చింది. భయమేసింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, తుడుచుకోవాలని కూడా తోచలేదు. చాలాసేపు అలాగే కూర్చుంది.

తర్వాత, చెయ్యడానికి వేరే పనేమీ లేక, ఫైలు తెరిచి వోచర్లు ఒక్కొక్కటే తిప్పింది. పద్నాలుగో నంబరు దగ్గర ఆగింది. 'బస్సు, ఎక్కువారితో సహా. విలువ: సున్నా.' ఎక్కువారితో సహా! అంటే ఎక్కినవాళ్ళ టికెట్లూ సున్నాయే. కాగితం మీద వేలు పెట్టి మళ్ళీ చదివింది. ఆమె ముఖం మీదికి నవ్వు మెల్లగా వచ్చింది.

పన్నెండు నిమిషాలకి బస్సు తిరిగొచ్చింది, లోపల అందరూ పాటలు పాడుకుంటున్నారు. తమ్ముడు దిగి, నేల మీదే చతికిలబడి, "అయిపోయిందక్కా. రేపే విమానం. టైల్స్ షాపే నాకు గతి," అన్నాడు.

ముని గొంతు సవరించుకున్నాడు. రెండు రోజుల్లో అతను నోరు విప్పడం అదే మొదలు.

"మీరు కట్ చెప్పలేదు," అన్నాడు. "అందుకని నేనూ ఆపలేదు."

*

నాలుగు నెలల తర్వాత పోటీ న్యాయనిర్ణేతల దగ్గర నుంచి ఉత్తరం వచ్చింది. తమ్ముడు భోజనాల బల్ల దగ్గర నిలబడి పైకి చదివాడు. 'పలకరించని ఊరు' తుది విడతకి ఎంచిన పది సినిమాల్లో నిలిచింది. తర్వాతి సినిమాకి ఖర్చు పోటీవారే భరిస్తారు. 'ఊరు ఊరంతా ఒక బస్సులో వెళ్ళిపోగా మిగిలిన ఆ స్త్రీ, ఏవో తెలియని ప్రార్థనలు పెదవుల మీదే పలుకుతూ, వేళ్ళ మీద ఏళ్ళు లెక్కించుకుంటూ, చివరకు పాత ఉత్తరాల్లో ఒక ప్రియమైన వాక్యం చదివి నవ్విన తీరు మమ్మల్ని కదిలించింది. ఇంతటి నటిని ఎక్కడ కనుగొన్నారు?'

"పాత ఉత్తరాలట," అంది వోచరమ్మ, కళ్ళు ఒత్తుకుని. తమ్ముడు అక్క భుజం మీద తల ఆనించాడు.

భర్త మాత్రం ఫ్రిజ్ మీది కాగితం, ఫైలు రెండూ ముందేసుకుని, పెన్సిలు పట్టుకుని కూర్చున్నాడు. ఇన్నేళ్ళ కాపురంలో భార్య లెక్కలో తప్పు పట్టే అవకాశం ఆయనకు ఒక్కసారీ రాలేదు. అంకె పైసాతో సహా సరిపోయింది. పంతొమ్మిది వోచర్లకీ టిక్కులున్నాయి. ఆయన రెండోసారి తిప్పి, ఒక్కసారిగా వెలిగిపోయాడు.

"ఏమోయ్, అందరికీ వోచరు ఉంది. మరి సినిమా మొత్తం కనిపించిన హీరోయిన్‌కి ఏదీ? వోచరు లేకపోతే మార్కెట్ ధర కట్టాలిగా? అంత పెద్ద నటికి మార్కెట్లో ఎంతుంటుందో తెలుసా? టైల్స్ షాపు పొద్దున్న తొమ్మిదికి తెరుస్తారు."

తమ్ముడి ముఖం మళ్ళీ పాల తెలుపుకి తిరిగింది.

వోచరమ్మ నిదానంగా పెన్సిలు పక్కన పెట్టించి, పెన్ను తీసింది. సొరుగులోంచి కొత్త వోచరు తీసి ఇరవయ్యో నంబరు వేసింది. వస్తువు: కూర్చొనుట, ఎనిమిది నిమిషాలు. విలువ: సున్నా. ప్రతిఫలం గడి దగ్గర కాస్త ఆలోచించి 'తమ్ముడు సినిమాలే తీయును' అని రాసింది. ఆ తర్వాత, పద్దెనిమిదేళ్ళ ఉద్యోగంలో మొట్టమొదటిసారి, నాలుగు గడులూ చిన్న అక్షరాలతో సహా చదివాకే సంతకం పెట్టింది.